పదకొండు కేవీ అభిప్రాయం

ఆ సోమవారం నవ్వినవాళ్ళలో తనూ ఉన్నాడా?

భానోజీరావు ఈ ప్రశ్న తనకు తాను ఎన్నిసార్లు వేసుకున్నాడో లెక్కలేదు. జవాబు తెలియక కాదు. జవాబు చెప్పుకున్న ప్రతిసారీ దాని వెనకే ఒక మినహాయింపు వచ్చి నిలబడేది. నవ్వాడు గానీ గట్టిగా నవ్వలేదు. నవ్వింది రాతను చూసి గానీ మనిషిని చూసి కాదు. ఆ మనిషెవరో అప్పటికింకా తెలియదు. మినహాయింపులన్నీ అయిపోయాక ప్రశ్న మాత్రం పెట్టినచోటే ఉండేది.

విశాఖలో సముద్రానికి ఎదురుగా ఉన్న కొండమీద, ఎనిమిదో అంతస్తులో వాళ్ళ స్టూడియో. ముప్పైమంది ఆరేళ్ళు కూర్చుని ‘తొమ్మిదో గని’ అనే ఆట తయారుచేశారు. ఎప్పుడో మూసేసిన మాంగనీసు గనిలోకి ఆటగాడు ఒక లాంతరు, ఒక తుపాకీ పట్టుకుని దిగుతాడు. కింద ఉన్నవి అతణ్ణి వెతుకుతూ వస్తాయి. వాటిని కాలుస్తూ, వాటినుంచి పారిపోతూ తొమ్మిది మట్టాలు దాటాలి. ఆట మొదట టీవీకి తగిలించుకునే కన్సోల్ మీద వచ్చింది. ఐదు నెలల తర్వాత కంప్యూటర్ వెర్షన్ వచ్చింది. అప్పటినుంచి ప్రతి సోమవారం పొద్దున్న పదింటికి స్టూడియోలో ‘పారాయణం’ జరిగేది. ఆ వారం కంప్యూటర్ వెర్షన్ మీద ఆటగాళ్ళు రాసిన అభిప్రాయాల్లోంచి కొన్ని ఏరి, శబ్దవిభాగం చూసే చరిత నిలబడి చదివేది. తిట్లను హరికథ ఫక్కీలో, పొగడ్తలను రైల్వే ప్రకటనలా చదవడం ఆమె పెట్టిన ఆనవాయితీ.

“‘మౌస్ వెన్నలా తిరుగుతోంది. కన్సోల్లో ఆడినవాడు సగం ఆటే ఆడినట్టు.’ దయచేసి గమనించగలరు,” అని చదివింది చరిత. తర్వాత రాగం తీసింది. “‘నాలుగో మట్టంలో లిఫ్టు దగ్గర బొమ్మ నత్తలా పాకుతోంది. నా కంప్యూటర్ కొత్తది. కాబట్టి తప్పు మీదే.’ ఇంకొకాయన, ‘గుర్తుపెట్టుకోవలసిన మీటలు ఇరవైరెండు. నాకున్న వేళ్ళు పది.’”

కుర్చీల్లో నవ్వులు మొదలయ్యాయి. ఆఖరుది చదివేముందు ఆమె గొంతు సవరించుకుంది.

“పేరు, పదకొండు కేవీ. వినండి. ‘మొదటి పది గంటలు లుంగీ తడిసింది. ఇరవై గంటలప్పుడు మా ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాను. ముప్పై దాటాక పచ్చిమామిడికాయ ఉప్పూకారంలో అద్దుకు తింటూ ఆడేశాను. దెయ్యం మీదికొస్తే టెంక దాని మొహాన కొడదామనిపించింది. ఉన్న భయం అయిపోయింది. కొత్త సరుకు పంపించండి.’”

అందరూ నవ్వారు. భానోజీరావు కూడా నవ్వాడు.

స్టూడియో అధిపతి ఇందుమతి నవ్వుతూనే కాగితం మీద ఏదో గీసింది. “మామిడికాయ సంగతి బాగుంది గానీ, ఇలాంటివి ఈ ఒక్క వారమే నూటఅరవై వచ్చాయి. ముప్పై గంటలు దాటితే భయం లేదంటున్నారు. కన్సోల్ వాళ్ళు ఒక్కరూ ఈ మాట అనలేదు. భానోజీ గారూ, ఆయన అడిగే సరుకు మీ దగ్గరే ఉంది కదా?”

“చూస్తాను మేడం,” అన్నాడతను.

లోపాల పట్టికలో ఒక వాక్యం చేరింది: ‘రెండో సగంలో భయం తీవ్రత తక్కువ. సరిచేయాలి.’ నూటఅరవైమంది తమకేదో అయిందని చెబుతుంటే, ముప్పైమంది తెలివైనవాళ్ళు తమ ఆటకేదో అయిందని విన్నారు. తయారుచేసినవాడి చెవికి ప్రతి మాటా తన వస్తువు గురించే అన్నట్టు వినిపిస్తుంది. ఇది అతనికి చాలా ఆలస్యంగా తెలిసింది.

భానోజీరావు కనిపెట్టిన యంత్రాంగం పేరు ‘ఆరా’. మనిషి భయపడేముందు అతని చెయ్యి భయపడుతుందన్నదే దాని మూలం. మౌస్ మీద ఉన్న చేతి వణుకు కంటికి కనిపించదు, మనసుకూ తెలియదు. కానీ మౌస్ తన కదలికను సెకనుకు వెయ్యిసార్లు కంప్యూటర్‌కు చెబుతుంది. ఆరా ఆ వణుకును వింటుంది. ఒకరి చెయ్యి నీళ్ళ చప్పుడుకు తడబడుతుంది, ఒకరిది వెనకనుంచి వచ్చే అడుగులకు, ఒకరిది తలుపు కింద వెలుతురుకు. ఆరా ఆ ఒక్కదాన్నే పట్టుకుని, రూపం మార్చి, మళ్ళీ మళ్ళీ తెచ్చి ముందు పెడుతుంది. చెయ్యి దానికి అలవాటుపడి నిలకడకు రాగానే అక్కడితో ఆగదు. బావిలో నీళ్ళు అడుగంటితే మరో గజం తవ్వినట్టు, లోపల ఇంకేం మిగిలిందో వెతుకుతుంది.

కన్సోల్లో ఇంత లోతుకు వెళ్ళలేదు. అక్కడ బొటనవేలితో తిప్పే జాయ్‌స్టిక్ పుల్లకు నడిమధ్య కొంచెం సడలింపు ఉంటుంది. చిన్న చిన్న కదలికలను అది లెక్కచేయదు. ఆ సడలింపును భానోజీరావు ఎన్నోసార్లు తిట్టుకున్నాడు. కంప్యూటర్ వెర్షన్లో అది లేదు. అడ్డం తొలగిందని ఆ రోజు అందరికీ మిఠాయి పంచాడు.

పారాయణం అయ్యాక టీ కప్పుతో వసారాలోకి వెళ్ళి, పిట్టగోడ మీదికి వంగి, కింద రోడ్డు వంక చూస్తూ తీవ్రత ఎలా పెంచాలా అని ఆలోచించాడు. తలుపు దగ్గరనుంచి చరిత పిలిచింది.

“సార్, ఆ చివరికి వెళ్ళకండి. మిమ్మల్ని చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి.”

ఏడాది కిందట అతను ఈ వసారాలోకే వచ్చేవాడు కాదు. చిన్నప్పటినుంచి ఎత్తంటే భయం. ఈ మధ్య అది పోయింది. వయసుతో వచ్చిన స్థిమితం అనుకున్నాడు. ఇన్నేళ్ళుగా చదివిన తత్వశాస్త్రం ఒంటబట్టిందని కూడా అనుకుని లోలోపల కొంత గర్వపడ్డాడు.

ఆ వారమే తీవ్రత పెంచి మొదటి సవరణ విడుదల చేశారు. పదకొండు కేవీ వెంటనే రాశాడు. ‘బాగుంది. మూడు రోజులు మళ్ళీ బతికినట్టుంది.’ పదిరోజుల తర్వాత మరో వాక్యం. ‘మళ్ళీ అంతే.’ రెండో సవరణ విడుదల చేశారు.

*

అక్క నూకరత్నం చోడవరం నుంచి ఫోను చేసింది. ఆమె భర్త పోలినాయుడు కరెంటు లైన్‌మన్. ముప్పై ఏళ్ళ సర్వీసు.

“మీ బావకి నా మీద ధ్యాస పోయిందిరా తమ్ముడూ.”

“అదేంటక్కా?”

“సెల్లు కొన్నకాణ్ణుంచీ ఉన్న అలవాటు నీకు తెలుసు గదా. స్తంభం ఎక్కేముందు నాకో మిస్డ్ కాల్, దిగాక ఇంకోటి. మాటా మంతీ ఉండదు. మొదటిది వస్తే నేను పొయ్యి కట్టేసి కూకుంటాను. రెండోది వచ్చాకే మళ్ళీ వెలిగిస్తాను. ఎన్నిసార్లు కూర మాడిందో ఆ సెల్లుకే తెలుసు. నెల్లాళ్ళయింది, ఒక్కటీ రాలేదు. అడిగితే, ‘ఏటవుద్దే?’ అంటాడు. వేరే ఎవత్తయినా ఉందేమో, నువ్వే కనుక్కో.”

ఆదివారం మధ్యాహ్నం భానోజీరావు వెళ్ళేసరికి పోలినాయుడు లుంగీ పైకి కట్టుకుని, ఒక చేత్తో మామిడిముక్క, ఒక చేత్తో మౌస్ పట్టుకుని కంప్యూటర్ ముందు ఉన్నాడు. భానోజీరావు తన పాతదాన్ని నిరుడు అతనికే ఇచ్చాడు. తెరమీద ఎనిమిదో మట్టం. నల్లని ఆకారమొకటి దూలం మీదనుంచి వేలాడుతూ మొహంలో మొహం పెట్టి అరిచింది. పోలినాయుడు ముక్క నములుతూ దాన్ని కాల్చేశాడు.

“రా బావమరిదీ, కూకో. మీ ఆటకి నేను రివ్యూలు రాస్తన్నాను, ఎవడన్నా చదవతన్నాడా, పొట్లాలు కడతన్నారా?”

భానోజీరావు పళ్ళెంలోని ఉప్పూకారం వంక చూశాడు. “పదకొండు కేవీ నువ్వేనా బావా?”

“మరి పదకొండు వేల వోల్టుల లైను పేరు ఇంకెవడు పెట్టుకుంటాడు, బస్టాండులో పళ్ళమ్మేవోడా? మీ ఆఫీసులో నవ్వేరా లేదా?”

“నవ్వారు.”

“నవ్వాల. కష్టపడి రాసేను.”

వంటింట్లోంచి అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది. “అడగరా.”

“మిస్డ్ కాల్ మానేశావటగా, బావా?”

పోలినాయుడు మౌస్ వదిలేసి నిజంగానే ఆలోచించాడు. దాచుకోవడానికి వెతుక్కునే మొహం కాదది. జేబులో ఉండవలసిన వస్తువు లేదని ఇప్పుడే గమనించినవాడి మొహం.

“మానెయ్యలేదురా. గుర్తు రావట్లేదు. ఇదివరకు స్తంభం మీద చెయ్యేస్తే కడుపులో ఏదో పట్టుకునేది. అప్పుడు మీ అక్క మొహం కనపడేది. చెయ్యి దానంతటదే సెల్లుకాడికి ఎల్లేది. ఇప్పుడు చెయ్యేస్తే స్తంభమే కనపడతంది.”

“అంటే నన్ను తలుచుకోవాలంటే నీకు కడుపునొప్పి రావాలన్నమాట,” అంది నూకరత్నం.

అందరూ నవ్వారు. ఆమె నవ్వు ముందుగా ఆగిపోయింది.

“మంచిదే గదా బావమరిదీ,” అన్నాడు పోలినాయుడు. “భయం లేకండా పని చేసుకుంటన్నాను. పెద్ద పెద్దోళ్ళు అడవులకెల్లి, తపస్సు చేసి సంపాదించిందంట ఇది. నాకు మీ గనిలో దొరికింది.”

భానోజీరావు దగ్గర దీనికి సమాధానం ఉండాలి. అభయం గురించి, నిర్భయం గురించి అతను చదివిన పుస్తకాలు ఒక అలమర నిండా ఉన్నాయి. వాటిల్లోంచి ఏదీ ఎత్తకుండా బేరంలోకి దిగాడు.

“సరే, అక్కకి వద్దు. ఇకనుంచి నాకియ్యి మిస్డ్ కాల్. ఎక్కేముందొకటి, దిగాకొకటి. నా కోసం.”

“నీకా?” పోలినాయుడు అతని భుజం చరిచాడు. “సర్లే. చిన్నప్పుడు మా మేడమెట్లమీద కళ్ళు మూసుకుని కూకునేవోడివి. నీ ధైర్యం కోసం ఇస్తాను.”

మర్నాడు పొద్దున్న ఆఫీసుకు ఆలస్యంగా వస్తానని చెప్పి, బావ బండి వెనక కూర్చుని చెరకుతోటల మధ్య మరమ్మతు జరిగేచోటికి వెళ్ళాడు భానోజీరావు. పోలినాయుడితో పనిచేసే సింహాచలం అప్పటికే అక్కడ ఉన్నాడు. రిటైర్మెంటుకు ఏడాది మిగిలిన మనిషి. ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవు. పోలినాయుడు బావమరిది చూసేట్టు సెల్లు తీసి మిస్డ్ కాల్ ఇచ్చి, కన్నుగీటి, స్తంభం ఎక్కడం మొదలుపెట్టాడు.

“ఎర్తు రాడ్డు ఏదిరా?” అన్నాడు సింహాచలం.

“సబ్‌స్టేషనోడు లైన్ ఆపేనన్నాడు గదా.”

“ఆడు ఆపింది ఆడి కరెంటు. గానుగల్లో జనరేటర్లు ఉన్నాయి. ఎవడో తప్పుగా కలిపితే వెనకనుంచి వస్తాది. నా ఏళ్ళు ఎలా పోయాయనుకున్నావు? దిగు. రాడ్డు తగిలించకండా తీగ ముట్టుకున్నావంటే బెల్లం పాకంలో ముంచుతాను.”

పోలినాయుడు నవ్వుతూ దిగి, తీగను నేలకు కలిపే రాడ్డు తీసుకుని మళ్ళీ ఎక్కాడు. సింహాచలం మెడ పైకెత్తి చూస్తూనే భానోజీరావుతో మెల్లగా అన్నాడు. “ముప్పై ఏళ్ళు ఈడే నాకు చెప్పేవోడు బాబూ. ఇప్పుడు నేను కాపలా కాస్తన్నాను. ఏటయిందో తెలీదు. మా పనిలో భయమున్న కొడుకే సాయంత్రం ఇంటికొస్తాడు.”

బావ క్షేమంగా దిగాడు. రెండో మిస్డ్ కాల్ కూడా ఇచ్చాడు. భానోజీరావు సంతోషించాడు. అలవాటు తిరిగి మొదలైతే దాని వెనకున్నది కూడా తిరిగి వస్తుందనుకున్నాడు. బావ మాటను ఆట మీద ఫిర్యాదనుకోవడం మొదటి తప్పయితే, అతని రెండో తప్పు ఇదే.

*

స్టూడియోకు వచ్చి ఆరా దాచుకున్న నమోదులు తెరిచాడు. చేతివణుకును గీతగా గీస్తే, కన్సోల్ వాళ్ళది రోజూ లేచి పడుతూ ఉంది. కంప్యూటర్ వాళ్ళది ముప్పై గంటల దగ్గర వాలడం మొదలై, నలభై దగ్గర నేలకు అంటుకుని, మళ్ళీ లేవలేదు. ఆట ఆపి రెండు నెలల తర్వాత తిరిగి మొదలుపెట్టినవాళ్ళవి కూడా చూశాడు. లేవలేదు. తీవ్రత పెంచినప్పుడల్లా మూడు రోజులు చిన్న మెలిక తిరిగి, ఇంకా కిందికి దిగింది. ఆరా వాళ్ళను భయపెట్టడం ఆపలేదు. వాళ్ళలో భయపెట్టడానికి ఉన్నదంతా తోడేసింది.

ముప్పై గంటలు దాటినవాళ్ళు నలభై ఒక్క వేలమంది.

అభిప్రాయాలు మళ్ళీ చదివాడు. ఈసారి ఆట గురించి రాసినవాటిని వదిలేసి, పక్కన ఊరికే అన్నట్టు రాసినవి చదివాడు. ‘ఈ ఆట పుణ్యమా అని పరీక్ష ముందురోజు హాయిగా నిద్రపోయాను.’ ‘బండి మీద నూటపది దాటినా ఏమీ అనిపించట్లేదు, ఆట కూడా అలాగే తయారైంది.’ ‘పాప మెట్లమీదనుంచి పడింది. ఆట ఆపి వెళ్ళడానికి నాకు ఐదు నిమిషాలు పట్టింది. ఎందుకో తెలియదు. గ్రాఫిక్స్ అద్భుతం.’ ఒకామె మాత్రం, పద్నాలుగేళ్ళుగా లిఫ్టు ఎక్కలేనిదాన్ని ఎక్కుతున్నాను, మీ చేతులకు దండం అని రాసింది. ఆ అభిప్రాయం దగ్గర అతను చాలాసేపు ఆగాడు. ఆమెకు జరిగింది మేలే. ఆ మేలు ఎక్కడ ఆగిందో, ఆగిందో లేదో అడిగినవాళ్ళెవరూ లేరు.

చివరికి తన పేరు కొట్టి తన చేతి గీత చూశాడు. ఆటను పరీక్షిస్తూ రెండువేల మూడువందల గంటలు ఆడినవాడి గీత. స్కేలు పెట్టి గీసినట్టు ఉంది. వసారా పిట్టగోడ గుర్తొచ్చింది. తత్వశాస్త్రం అనుకున్నది ఇదా అనుకున్నాడు.

అప్పుడైనా భయం వేయాలి. వేయలేదు. తెలిసింది, అంతే.

*

తర్వాతి సోమవారం పారాయణం జరగలేదు. కంప్యూటర్ వెర్షన్ను సిఫారసు చేసే ఆటగాళ్ళు నూటికి తొంభై ఒక్కరి నుంచి ఎనభైనలుగురికి తగ్గారని, సాయంత్రం నాలుగింటికి మూడో సవరణ విడుదల కావాలని ఇందుమతి పిలిచింది. పదీ ఇరవైకి భానోజీరావు ఫోను ఒకసారి మోగి ఆగింది. బావ. ఎక్కుతున్నాడన్నమాట. మాట నిలబెట్టుకున్నాడు.

అతను గీతలు చూపించి, చెప్పవలసింది చెప్పాడు. ఇందుమతి అడ్డం రాకుండా విన్నది.

“మీరు చెప్పేది నిజమే కావచ్చు. కానీ ఒక గీత చూసి నలభైవేలమందికి రోగం అంటగట్టలేం భానోజీ గారూ. మీ బావగారి అజాగ్రత్తకు కారణం వయసూ కావచ్చు. నిపుణుల చేత చూపిద్దాం. ఒక్క రెండు నెలలు.”

“ఈలోగా మూడో సవరణ?”

“అది ఆగితే వాళ్ళు ఎందుకని అడుగుతారు. ఏం చెప్తాం?”

“ఉన్నది చెప్దాం.”

“ఉన్నదేమిటో మనకే తెలియదు కదా,” అందామె. ఆ మాటలో మోసం లేదు.

ఫోను వంక చూశాడు. పదీ యాభైఐదు. రెండో కాల్ రాలేదు. అక్క అయితే ఈపాటికి పొయ్యి కట్టేసి, గోడ వంక చూస్తూ కూర్చునేది. అతను తన గుండెను వెతికాడు. అది గడియారంలా కొట్టుకుంటోంది. భయపడవలసిన చోట ఒక ఖాళీ గది, శుభ్రంగా ఊడ్చి ఉంది.

పదకొండూ పదికి మోగింది. బావ నంబరు కాదు.

“బతికున్నాడు బాబూ,” అన్నాడు సింహాచలం. వెనక ఎవరో అరుస్తున్నారు. “నేను బండి పక్కన పెట్టి వచ్చేలోపే ఎక్కేశాడు. నీకు ఫోను కొట్టేడు, రాడ్డు తగిలించలేదు. గానుగోడి జనరేటరు. కుడిచెయ్యి…”

ఎక్కేముందు చెయ్యవలసిన గుర్తు చేశాడు. ఆ గుర్తు దేనికోసమో అది మాత్రం లేదు.

*

మూడోరోజు మధ్యాహ్నం ఆసుపత్రిలో పోలినాయుడు దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. కుడిచెయ్యి మోచేతి దాకానే ఉంది. ఇన్ని నెలలుగా ఆరా విన్నది ఆ చేతినే.

“ఎడంచేత్తో మౌస్ తిప్పుకునేలాగ మీట మార్చుకోవచ్చేటి బావమరిదీ? లేకపోతే దాని మీదా ఒక రివ్యూ రాయాల.”

నొప్పికి పెదవి బిగించాడే గానీ అతని కళ్ళు తేటగా ఉన్నాయి. భానోజీరావు మంచం పక్కన కూర్చుని అంతా చెప్పాడు. ఆరా ఏం చేస్తుందో, గీత ఎలా వాలిందో, అతని అభిప్రాయం చదివి స్టూడియోలో తామేం చేశారో. పోలినాయుడు కిటికీ వంక చూస్తూ విన్నాడు.

“నేను రాసింది నీకు ఫిర్యాదులాగ కనపడిందేటి?” అన్నాడు చివరికి.

“ఆట మీద ఫిర్యాదనుకున్నాను బావా.”

“నాకూ అలాగే అనిపించిందిలే రాసినప్పుడు.” ఎడంచేత్తో దుప్పటి సర్దుకున్నాడు. “నీ మీద కోపం రావాల. కోపం రావాలంటే ముందు నాకేటయిపోతుందో అన్న దిగులు ఉండాల గావాల. అది లేదు. మీ అక్కనడుగు, నా వాటా దిగులు కూడా దానికాడే ఉంది.”

బయట బల్లమీద నూకరత్నం కూర్చుని ఉంది. ఆమె తమ్ముణ్ణి తిట్టలేదు.

“చెయ్యి పోయినందుకు ఏడవట్లేదురా నేను,” అంది. “నిన్న డాక్టరు వచ్చి, ఇంకొంచెం అయితే మనిషి దక్కేవాడు కాదమ్మా అన్నాడు. మీ బావ నా వంక చూశాడు. మామూలుగా చూశాడు. నీళ్ళిమ్మన్నట్టు చూశాడు. నేను ఒక్కదాన్నే అయిపోతానేమో అన్న బెంగ ఆ కళ్ళల్లో ఉండాల కదరా. కాపరం చేసినన్నాళ్ళూ అది చూసే నేను బతికేను. అది ఎప్పటికన్నా వస్తాదా?”

“తెలియదక్కా.”

“నీకు తెలియకపోతే ఇంకెవడికి తెలుస్తాది?”

ప్రేమ ఒకటి, భయం ఒకటి అని విడదీసి, మొదటిదాన్ని మెచ్చుకుని రెండోదాన్ని జయించమన్న పుస్తకాలను అతను ఇన్నాళ్ళూ గీతలు గీసుకుంటూ చదివాడు. రాసినవాళ్ళలో ఒక్కరైనా పొయ్యి కట్టేసి కూర్చుని ఉంటారా? పోతుందన్న భయమే లేకపోతే ఉన్నదాన్ని ఏ చేత్తో పట్టుకుంటారు?

జేబులో ఫోను కదిలింది. చరిత పంపిన సందేశం. ‘సార్, సోమవారం ఆగిన సవరణ ఈరోజు నాలుగింటికి విడుదల చేయమంటున్నారు. మీ తాళం కావాలి.’ ఆరాను మార్చాలంటే వేయవలసిన డిజిటల్ తాళం అతని ఒక్కడి దగ్గరే ఉంది.

గంట రెండున్నర. భానోజీరావు బల్లమీదే ల్యాప్‌టాప్ తెరిచాడు. రెండు నెలలు ఆగితే నిపుణులు చెబుతారు. ఆ రెండు నెలల్లో ఎంతమంది స్తంభాలెక్కుతారో, ఎంతమంది పిల్లల వెనక ఐదు నిమిషాలు ఆలస్యంగా లేస్తారో ఎవరూ చెప్పరు. ఉద్యోగం పోతుంది. కోర్టుకు లాగుతారు. ఆ మాటలు తలుచుకున్నా అతని లోపల ఏదీ కదలలేదు. కనుక తాను చేయబోయేదాన్ని ధైర్యం అనడానికి కూడా తనకు హక్కు లేదని అతనికి తెలుసు. మిగిలింది పశ్చాత్తాపం ఒక్కటే. అంత లోతుకు ఆరా తవ్వలేకపోయింది.

“ఏటి చేస్తన్నావురా?” అంది అక్క.

“తవ్వడం ఆపేస్తున్నానక్కా.”

మూడో సవరణను తీసేశాడు. దాని స్థానంలో ఒక్క మార్పు పెట్టాడు: మౌస్‌కు, ఆరాకు మధ్య ఆ పాత సడలింపు. ఇకమీదట చిన్న వణుకులేవీ ఆరాకు వినిపించవు. ఎవరి భయం వాళ్ళదగ్గరే ఉంటుంది. తన తాళం వేసి విడుదల చేశాడు. ఇందుమతికి రెండు వాక్యాల్లో ఆ సంగతి రాశాడు.

తర్వాత ఆటగాళ్ళ అభిప్రాయాల పేజీ తెరిచాడు. ఆరేళ్ళలో అతను అక్కడ ఒక్క అక్షరం రాయలేదు. ‘సిఫారసు చేయను’ అన్న గడి నొక్కాడు. పక్కన, ఆడిన సమయం రెండువేల మూడువందల గంటలు అని దానంతటదే వచ్చింది. తన పూర్తి పేరు పెట్టి, ఆరా ఏం చేస్తుందో దాపరికం లేకుండా రాశాడు. ముప్పై గంటలు దాటినవాళ్ళు ఏయే పనులకు దూరంగా ఉండాలో, ఇంట్లోవాళ్ళకు ఏం చెప్పి ఉంచాలో రాశాడు. ఆఖరున ఒక వాక్యం చేర్చాడు.

‘పదకొండు కేవీ గారూ, మీ అభిప్రాయం చదివి నవ్వినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.’

మరోసారి చదివాడు. మినహాయింపు ఏదీ లేదు. నొక్కాడు.

చెయ్యి వణకలేదు. వణికి ఉంటే బాగుండేదనుకుంటూ, ల్యాప్‌టాప్ మూసి, అక్క పక్కన సర్దుకుని కూర్చున్నాడు.